ముఖాన్ని తాకిన కళ్లద్దాలు, ముఖాన్ని చూసి గీసిన చిత్రం

ఆన్‌లైన్ వేలంపాటల ఫలితాలను చూస్తూ కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా ఉన్న అలవాటు; అలాగని నేను ఎన్నడూ పాట పాడిందీ లేదు, ఏదీ కొన్నదీ లేదు. ధర కన్నా, ఆ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న వివరమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. తెర మీది ఫొటో తప్ప మరేమీ కనిపించని చోట పాడేవాడికి ఆధారం ఆ వివరమే కదా అనుకునేవాణ్ణి. గాంధీజీకి సంబంధించిన రెండు అమ్మకాలను పక్కపక్కన పెట్టి చూశాక ఆ నమ్మకం కొంత సడలింది.

మొదటిది 2020 ఆగస్టు నాటిది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గరి ఈస్ట్ బ్రిస్టల్ ఆక్షన్స్ అనే సంస్థ తలుపుకున్న ఉత్తరాల పెట్టెలో ఒక శుక్రవారం రాత్రి ఎవరో మామూలు తెల్ల కవరు దోపి వెళ్లారు. సోమవారం ఉదయం సిబ్బంది వచ్చేదాకా అది సగం బయటికి వేలాడుతూనే ఉంది. లోపల బంగారు పూత పూసిన గుండ్రటి కళ్లద్దాలు, అవి గాంధీవని చెప్పే చీటీ ఉన్నాయి. వాటి యజమాని అయిన వృద్ధుడు, పనికిరానివైతే పారేయమన్నాడట. 15,000 పౌండ్ల దాకా రావచ్చని చెప్పేసరికి కుర్చీలోంచి పడినంత పని అయిందట. ఆగస్టు 21న జరిగిన ఆన్‌లైన్ వేలంలో అవి 2,60,000 పౌండ్లకు, అంటే అప్పటి లెక్కన సుమారు రెండున్నర కోట్ల రూపాయలకు, ఒక అమెరికన్ సేకర్తకు దక్కాయి.

ఆధారం ఏమిటంటే, యజమాని బంధువొకరు 1910, 1930 మధ్య దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేశారన్నది ఆ ఇంట తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. గాంధీజీ ఆ దేశం విడిచింది 1914 జులైలో. కాలం సరిపోతుంది, సాయం చేసినవారికి తన పాత కళ్లద్దాలు ఇచ్చే అలవాటూ ఆయనకు ఉండేదంటారు, అద్దాల పవరు తక్కువగా ఉంది కనుక తొలినాళ్లలో పెట్టుకున్నవి కావచ్చునని వేలందారులు ఊహించారు. ఇవన్నీ నమ్మదగిన మాటలే, కానీ కోర్టులో నిలబెట్టవలసి వస్తే ఏ ప్లీడరైనా తటపటాయిస్తాడు.

రెండవది 2025 జులైలో బోనమ్స్ సంస్థ ఆన్‌లైన్‌లో అమ్మిన తైలవర్ణ చిత్రం. రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ లండన్ వెళ్లిన 1931లో క్లేర్ లైటన్ అనే చిత్రకారిణి ఆయన ఎదుట కూర్చుని దీన్ని చిత్రించింది. గాంధీజీ స్వయంగా కూర్చుని గీయించుకున్న తైలవర్ణ చిత్రం బహుశా ఇదొక్కటేనని సంస్థ ప్రకటించింది. ఆమె అనేక ఉదయాలు వచ్చి చిత్రం వేయడం తమకు సంతోషం కలిగించిందని ఆయన కార్యదర్శి మహాదేవ్ దేశాయ్ రాసిన ఉత్తరం ఉంది. అదే ఏడాది నవంబరులో లండన్‌లో ప్రదర్శించిన దాఖలా ఉంది. చిత్రకారిణి మరణించేదాకా అది ఆమె దగ్గరే ఉండి, తర్వాత ఆమె కుటుంబానికి చేరింది. 1970ల తొలి రోజుల్లో ఎవరో దాన్ని కత్తితో పొడిచారని కుటుంబం చెబుతుంది, 1974లో బాగుచేసినట్టు వెనక చీటీ కూడా ఉంది. ఇన్ని ఉన్నా, అంచనాను రెట్టింపు పైగా దాటినా, సంస్థ రుసుముతో కలిపి అది పలికింది 1,52,800 పౌండ్లు.

కాగితాలు పక్కాగా ఉన్న చిత్రం కన్నా, ఇంటి మాట మీద నిలబడిన కళ్లద్దాలకు లక్ష పౌండ్లు ఎక్కువ! సంవత్సరాలు వేరు, పాడినవారు వేరు, కాబట్టి ఈ పోలిక తూకానికి పూర్తిగా నిలవదని నాకు తెలుసు. అయినా, ఆ మనిషిని చూసి గీసినదాని కన్నా ఆ మనిషి ఒంటిని తాకినదే కొనేవాడికి ముఖ్యమని నాకు అనిపిస్తోంది. గుళ్లో దేవుడి పటం కన్నా పాదుకలకు వరుస పెద్దదిగా ఉన్నట్టే ఇదీను. 2009 మార్చిలో న్యూయార్క్‌లో విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు పాడుకున్న గాంధీ వస్తువులు కూడా కళ్లద్దాలు, చెప్పులు, జేబు గడియారం, పళ్లెం, గిన్నె.