నా అనుభవం: ఊట నేలలో సరుగుడు తోట పలచన చేయడం

ఊట నేలలో, అంటే కాస్త తవ్వగానే నీరు తగిలే నేలలో, తోట పలచన చేయడానికి కొన్ని సరుగుడు చెట్లు ఏరి కొట్టడం పెద్ద పనేమీ కాదు. కొట్టిన కర్రను గట్టు మీదికి చేర్చడమే అసలు పని. కూలీ ఖర్చు అక్కడే పెరుగుతుంది, ట్రాక్టర్ అక్కడే దిగబడుతుంది, నిలబెట్టాల్సిన చెట్లు దెబ్బతినేదీ అక్కడే. అందుకే ఎన్ని చెట్లు తీయాలన్నది తర్వాత చూసుకుంటాం. ముందు దారి ఎటు అన్నది తేల్చుకుంటాం.

నెల్లూరు పక్క అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు, ఇటు ఒంగోలు దిక్కున ఉలవపాడు, కొత్తపట్నం దాకా తీరం వెంబడి ఉన్నదంతా ఇసుకే. ఇసుక కదా, నీళ్లు ఇంకిపోతాయిలే అనుకుంటారు. మెరకలో ఇంకుతాయి. దిబ్బల మధ్య పల్లంలోనూ, వరి కయ్యల పక్కన వేసిన తోటల్లోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు జానెడు లోతులోనే నీరు తగులుతుంది. తీరం వెంబడి పోయే బకింగ్‌హాం కాలువలో నీటి మట్టం తోట కంటే పైన ఉందంటే, ఎన్ని కాలువలు తీసినా నీరు బయటికి పోదు. ముందు ఆ సంగతి చూసుకోవాలి. వాలు ఉంటే పని మొదలుపెట్టే పది పదిహేను రోజుల ముందే పార వెడల్పున అడుగు లోతు కాలువ తీసి వదిలేస్తాం. వాలు లేకపోతే ఆ కూలీ దండగ.

పలచన ఎప్పుడు? సంక్రాంతి దాటాకే. అక్టోబరులో పలచన చేశారంటే నవంబరు తుఫాను గాలికి మిగిలిన చెట్లు పక్కకు ఒరుగుతాయి. ఒత్తుగా పెరిగిన సరుగుడు సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఒకదాని ఆసరాతో ఒకటి నిలబడి ఉంటుంది. ఊట నేలలో వేరు లోతుకు దిగదు, పైపైనే పాకుతుంది. ఆసరా తీసేస్తే మట్టి పెళ్లతో సహా లేస్తుంది. సముద్రం వైపున్న చివరి నాలుగైదు సాళ్లను ఏ కాలంలోనూ మేం ముట్టుకోం.

నేల బరువు మోస్తుందో లేదో గడ్డపారతో చూడొచ్చు. నడుము ఎత్తు నుంచి నిలువుగా వదిలితే అడుగు కంటే లోతు దిగిందంటే ట్రాక్టర్‌ను లోపలికి పంపకూడదు. నల్లరేగడిలో వేసిన జామాయిల్, సుబాబుల్‌కు ఈ పరీక్ష అక్కర్లేదు. పైన బీటలు కనపడేదాకా అందులోకి చక్రమే దింపకూడదు. ఇసుక తడిగా ఉన్నా కొంత మోస్తుంది, రేగడి మోయదు.

మీటరుకు మీటరు వేసిన తోటలో ఎకరాకు సుమారు 4,000 చెట్లుంటాయి. పక్కపక్కనున్న రెండు సాళ్లు పూర్తిగా తీసేస్తే మూడు మీటర్ల దారి వస్తుంది, ట్రాక్టర్ చెట్లకు తగలకుండా పోతుంది. పన్నెండు సాళ్లు వదిలి మళ్లీ రెండు తీయాలి. అప్పుడు ఏ చెట్టు నుంచైనా దారి ఆరేడు మీటర్లలోపే ఉంటుంది, కర్రను మనిషి లాక్కురాగలడు. చక్రం ఆ దారి దాటి పక్కకు పోకూడదు. ఒక్కసారికేలే అని సాళ్ల మధ్యకు తిప్పితే వేర్లు తెగుతాయి, గాడి పడుతుంది, గాడిలో నీరు నిలుస్తుంది, ఆ పక్క చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. దారికే ఏడో వంతు చెట్లు పోతాయి. మిగిలిన పన్నెండు సాళ్లలో వంకరవి, రెండు కొమ్మలుగా చీలినవి, పైకి అందక కిందే ఉండిపోయినవి ఏరి, అయిదింటికి ఒకటి తీస్తాం. మొత్తం మీద మూడో వంతుకు కాస్త తక్కువ. ఊట నేలలో ఒకే విడతలో అంతకు మించి తీయడం నాకు నచ్చదు.

కోతకు గొడ్డలి కంటే మోటారు రంపం మేలు. గొడ్డలితో కొట్టిన మోడు ఏటవాలుగా, మొనదేలి ఉంటుంది. బురద నీళ్లలో అది కనపడదు. బూటు అడుగు చీల్చుకుని పాదంలో దిగుతుంది, టైరునూ చీలుస్తుంది. రంపంతో చదునుగా కోయాలి. దారిలో మోడు నేలకు సమంగా ఉండాలి. పక్క సాళ్లలో అయితే నీటి మట్టానికి నాలుగు వేళ్లు పైన కోస్తే చాలు. చైను నీళ్లను తాకితే ఆయిల్ కడుక్కుపోయి, చైను తిరిగే పట్టీ (బార్) కాలుతుంది. అంతకంటే పెద్ద బెడద ఇసుక. వాన చినుకులకు చిమ్మిన ఇసుక మొదలు చుట్టూ అడుగు ఎత్తు దాకా బెరడులో ఇరుక్కుని ఉంటుంది. కత్తితో ఆ బెరడు గీకకుండా కోస్తే చైను పళ్లు చూస్తుండగానే మొద్దుబారతాయి. పొట్టు పలుకులుగా రాకుండా పిండిలా రాలుతోందంటే అప్పటికే మొద్దుబారినట్టు. చిన్న రంపాలకు వచ్చే త్రీబైఎయిట్ (3/8 అంగుళం) లో ప్రొఫైల్ అనే పొట్టి పళ్ల చైనుకు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. ప్రతి పంటికీ అన్నే రుద్దులు పడాలి, లేకపోతే కోత పక్కకు లాగుతుంది. పెట్రోలు లీటరుకు 20 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్ ఇంజను) ఆయిల్ కలపాలి, పెట్రోలు పోసిన ప్రతిసారీ చైను ఆయిలూ నింపాలి.

చెట్టును దారికి ఏటవాలుగా, మొదలు దారి వైపు ఉండేట్టు పడేస్తే లాగడం తేలిక. కొన ముందుగా లాగితే కొమ్మలన్నీ బురద తవ్వుకుంటూ వస్తాయి. పక్క చెట్టు మీద వాలి చిక్కుకుంటే దాని కిందికి ఎవరూ పోకూడదు, ఆనుకున్న చెట్టును కోయకూడదు. మొదలుకు తాడు కట్టి వెనక్కి లాగాలి.

కొట్టిన కొనలు, రెబ్బలు ఎవరికీ అమ్మకూడదు, అవే మన రోడ్డు. దారికి అడ్డంగా, తొక్కాక అడుగు మందం ఉండేట్టు పరుస్తాం. సరుగుడు రెబ్బ జారుతుంది కాబట్టి మరీ మెత్తగా ఉన్నచోట మూడంగుళాల కర్రలు ఒకదానికొకటి ఆనించి అడ్డంగా వేసి, పైన రెబ్బలు పోస్తాం. నాలుగైదు ట్రిప్పులకు పరుపు నలిగిపోతుంది, మళ్లీ వేయాలి. అందుకే పని ఎప్పుడూ తోట లోపలి చివర మొదలై గట్టు వైపు రావాలి. గట్టు దగ్గర మొదలుపెడితే లోపలి కర్ర వచ్చేసరికి దారి ముద్దయిపోతుంది. వరి దమ్ముకు వాడే ఇనుప కేజ్ వీల్స్ వేద్దామంటారు డ్రైవర్లు. ఒప్పుకోవద్దు. పరుపునూ వేర్లనూ కలిపి తరిగేస్తాయి. వెనక టైర్లలో గాలి 12 పౌండ్లకు దించితే చాలు, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. ట్రాక్టర్ వెనక తగిలించే ట్రక్కు మాత్రం గట్టు మీదే ఉండాలి. దిగబడేది ముందు అదే.

గడ్డపార మరీ దిగిన చోట ట్రాక్టర్‌ను గట్టు మీద నిలిపి తాడుతో కట్టలు లాగుతాం. కట్ట ముక్కు కింద ప్లాస్టిక్ డ్రమ్ము కోసిన ముక్క పెడితే నేలలో గుచ్చుకోదు. ఇనుప తాడైతే మధ్యలో తడి గోనె సంచి వేయాలి. తెగితే ఆ బరువుకు విసురు తగ్గుతుంది. తాడు మలుపు తిరిగే చోట లోపలి వైపు ఎవరూ నిలబడకూడదు.

బెరడు మీద బొబ్బలొచ్చి, నొక్కితే నల్లటి పొడి రాలే చెట్లుంటే చివర్లో కొట్టాలి. ఈ తెగులు బూజు జాతిది, గాయాల గుండా, ఆనుకున్న వేర్ల గుండా పాకుతుంది. ఆ రెబ్బలు దారిలో పరవకూడదు. వేరే తీసి, ఎండాక తోట బయట కాల్చేయాలి. చక్రం ఒరుసుకుని బెరడు లేచిన చెట్లు కూడా ఈ విడతలోనే పోవాలి.

అడ్డం వేసిన కర్రలు ఆఖరున ఏరుకుని కాలువ నీళ్లలో కడిగి లోడుకు ఎత్తాలి. మట్టి ఉంటే కాటా దగ్గర తరుగు తీస్తారు, ఆ వాదనలో మన మాట చెల్లదు. పచ్చి కర్ర ఎండకు బరువు తగ్గుతుంది కాబట్టి లారీ ఖాయం చేసుకున్నాకే కోత మొదలుపెట్టాలి. లోడు వెళ్లాక గాడులు పూడ్చి, దారికి అడ్డంగా ఒకటి రెండు చోట్ల చిన్న గట్లు వేస్తాం. లేకపోతే వచ్చే కార్తీకానికి ఆ దారే కాలువైపోతుంది.