పీ పఫర్లకు నీళ్లు మార్చే రోజు

పీ పఫర్ అంగుళం పొడవుండే మంచినీటి చేప. కేరళ, దక్షిణ కర్ణాటక నదులు దీని సొంత ఊరు. మా హైదరాబాద్ ఇంట్లో మాత్రం దీని దర్జా జమీందారుది. పొడి మేత పెడితే మొహం తిప్పేసుకుంటుంది, నత్తలు కావాలంటుంది. రెండు కళ్లూ రెండు దిక్కులకు తిప్పుతూ నత్త ముందు గాలిలో ఆగినట్టు నిలబడుతుంది. నత్త తల బయటపెట్టగానే ఒక్క కొరుకు!

తంటా ఆ తర్వాతే. పెంకులో మిగిలిన మాంసం కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అందుకే భోజనం కాగానే పట్టకారుతో ఖాళీ పెంకులు ఏరేస్తాను. అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ సున్నాలో ఉండాల్సిందే. చివరికి మిగిలే నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) దాటకుండా చూసుకుంటాను. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది కనుక వేసవిలో పరీక్షలు ఎక్కువ.

ప్రతి ఆదివారం తొట్టిలోని మూడో వంతు నీళ్లు మారుస్తాను. కుళాయి నీళ్లలోని క్లోరిన్ విరగడానికి బకెట్‌లోనే సోడియం థయోసల్ఫేట్ కలిపి, వేడి సరిచూసి, సన్న గొట్టంతో మెల్లగా వదులుతాను. ఫిల్టర్ స్పాంజిని మాత్రం, తొట్టిలోంచి తీసేసిన పాత నీళ్లలోనే పిండుతాను. కుళాయి కింద కడిగితే అమ్మోనియాను మార్చే మేలు బాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. ఆ మురికి నీళ్లన్నీ బాల్కనీలోని మనీప్లాంటుకే. దాని ఆకులు అరచేయంత అయ్యాయి.