చిన్న నౌకల గుంపు గురించి నేను పంపిన నివేదిక

బీటా దశలో, అంటే విడుదలకు ముందు పరీక్షల్లో ఉన్న ఒక అంతరిక్ష స్ట్రాటజీ వీడియో ఆటను మా పిన్ని కొడుకుతో కలిసి ఏడుసార్లు ఆడితే, అందులో ఆరుసార్లు నేనే ఓడిపోయాను. నేను పరిశోధనకు ఖర్చుపెట్టి పెద్ద యుద్ధనౌకలు కట్టేసరికి, వాడు అన్నిటికన్నా చవకైన చిన్న నౌకలను గుంపులుగా కట్టి నా గ్రహాల మీదికి పంపేవాడు. నౌకా నిర్మాణానికి సంబంధించిన పరిశోధనంతా దీనివల్ల అర్థం లేనిదైపోతోందని నాకు నిజంగా బాధ కలిగింది.

అదే రాత్రి ఆట నిర్మాతలకు ఒక సందేశం పంపాను. చిన్న నౌకల దెబ్బను 20 శాతం తగ్గించమని అందులో సూచించాను. రెండు రోజులకు మర్యాదగా జవాబు వచ్చింది: ఎంత తగ్గించాలన్నది తాము చూసుకుంటామని, ఏ పోరులో, ఆట మొదలైన ఎన్నో ఏట, ఎవరి దగ్గర ఏయే నౌకలు ఉండగా అన్యాయం జరిగినట్టు అనిపించిందో రాసి, ఆట స్థితిని భద్రపరిచే సేవ్ ఫైళ్లు జతచేయమని కోరారు. తమ్ముడికి చూపిస్తే, "అన్నా, నువ్వు ఓడిపోయినవే రాశావు, గెలిచిన ఆట సంగతి ఏదీ?" అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే కాబట్టి మళ్లీ మొదటినుంచి, ఈసారి కొలతలతో మొదలుపెట్టాను.

ఈ ఆటలో చిన్న నౌక ఖరీదు 100 ఖనిజాలు, పెద్దదాని ఖరీదు 1000. పెద్దదాని కవచం, దెబ్బ రెండూ పదింతలు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ప్రతిపాదించిన వర్గ నియమం ప్రకారం, అందరూ అందరి మీదా గురిపెట్టగలిగే పోరులో ఒక పక్షం బలం దాని సంఖ్య వర్గాన్ని (సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్ని), ఒక్కో పోరాట సాధనం సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. పదింతల సంఖ్యను ఎదుర్కోవాలంటే వందరెట్ల సామర్థ్యం కావాలి. పదింతల కవచాన్ని పదింతల దెబ్బతో గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే. అంటే కాగితం మీద రెండు పక్షాలూ సమానమే. కానీ 40 చిన్న నౌకలను 4 పెద్దవాటితో 30 సార్లు పోరాడిస్తే, పెద్దవి గెలిచినవి నాలుగే.

కారణం వెతకడానికి రెండు వారాలు పట్టింది. పెద్ద ఫిరంగి ఒక్క దెబ్బ విలువ 250, చిన్న నౌక కవచం 80. ఆ నౌక కూలిపోయాక మిగిలిన 170 ఎవరికీ తగలకుండా పోతోంది, అంటే పెద్ద నౌక శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వృథా అవుతోంది. దీన్ని రుజువు చేయడానికి ఆట డేటా ఫైలులో ఆ 250ని ఒక్కొక్కటి 50 చొప్పున ఐదు దెబ్బలుగా విడగొట్టాను. మొత్తం శక్తి మారలేదు, అయినా పెద్ద నౌకలు ఈసారి 30లో 13 గెలిచాయి. నేను తగ్గించమన్న చిన్న నౌకల దెబ్బకూ ఈ సమస్యకూ సంబంధమే లేదు. నా మాట విని తగ్గించి ఉంటే, ఆట తొలి దశలో చిన్న నౌకలు తప్ప గతిలేని ఆటగాళ్లు అన్యాయంగా నష్టపోయేవారు.

అంకెలను ముట్టుకోకుండా నియమాన్నే మార్చిన సందర్భాలు ఈ తరహా ఆటల్లో ఉన్నాయి. 2016లో విడుదలైన స్టెల్లారిస్‌లో నక్షత్రాల మధ్య ప్రయాణానికి మొదట మూడు పద్ధతులు ఉండేవి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 ప్యాచ్‌తో (ఆటకు చేసే సవరణతో) అందరూ ఆట మొదట్లో హైపర్‌లేన్ల మీదుగానే, అంటే నక్షత్రాలను కలిపే నిర్ణీత దారుల్లోనే, ప్రయాణించేలా చేశారు. దారులు ఇరుకైతేనే సరిహద్దు కోటలకు విలువ వస్తుంది కాబట్టి, కొందరు ఆటగాళ్లకు నచ్చకపోయినా అది సరైన నిర్ణయమని నేను నమ్ముతాను.

ముప్పై పోరుల పట్టిక, సేవ్ ఫైళ్లు, నేను గెలిచిన ఆటతో సహా అన్నీ జతచేసి రెండో నివేదిక పంపాను. ఆరు వారాల తర్వాత వచ్చిన ప్యాచ్‌లో పెద్ద ఫిరంగిని అలాగే ఉంచారు, ఎందుకంటే కోటలను కూల్చడానికి ఆ బరువైన దెబ్బ కావాలి. దాని బదులు పెద్ద నౌక పక్కల చిన్న తుపాకులు అమర్చారు. నాకు తోచిన మార్గం కన్నా ఇది మెరుగైనది. అదే పరీక్ష మళ్లీ చేస్తే పెద్ద నౌకలు 30లో 12 గెలిచాయి. నౌకల నిర్వహణ ఖర్చు మీద నాకింకా అభ్యంతరం ఉంది, దాని పట్టిక ఇప్పుడు సిద్ధం చేస్తున్నాను. తమ్ముడు మాత్రం తన చిన్న నౌకల వెనక రెండు పెద్దవి కూడా నడిపిస్తున్నాడు.