ఒక చెంచా నెయ్యి

మా అమ్మ ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి వేసి కలిపింది. కలిపినట్టు ఎవరికీ చెప్పలేదు. పచ్చిపులుసుతో రెండు ముద్దలు తిన్నాక మా అమ్మాయికి వాసన తెలిసింది.

"నానమ్మా, ఇందులో నెయ్యి ఉందా?"

"ఒక్క చెంచనే బిడ్డా, గంతల ఏమైతది? ఉత్త పప్పు ఎట్ల తింటవ్?" అంది అమ్మ నవ్వుతూ.

పిల్ల కంచం ముందు నుంచి లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కాసేపాగి వెళ్లి చూస్తే ఏడుస్తోంది. ఇటు వంటింట్లో అమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆ రోజు తప్పు వాళ్లిద్దరిదీ కాదు, నాది. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. అమ్మాయికి పదహారేళ్లు, రెండేళ్లుగా వీగన్. మాంసం, గుడ్లు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. పోయిన ఆగస్టులో తననీ, తనలాగే వీగన్ అయిన తన క్లాస్‌మేట్‌నీ తీసుకుని హైదరాబాద్ వచ్చాను. బయలుదేరే ముందు ఫోన్‌లో అమ్మతో "అది మాంసం తినదమ్మా" అని మాత్రం చెప్పాను. పాల సంగతి వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. అమ్మాయితోనేమో "నానమ్మకి అన్నీ చెప్పాను, నువ్వు టెన్షన్ పడకు" అన్నాను. వచ్చిన మొదటిరోజు పెరుగు వద్దంటే "ప్రయాణం బడలికమ్మా, రేపు తింటుందిలే" అని సర్దేశాను. ఇద్దరిలో ఎవరికీ నొప్పి తగలకూడదని ఇటు మాట అటు, అటు మాట ఇటు మెత్తగా మార్చి చెబుతూ వచ్చాను. దాంతో ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి చేరనే లేదు.

నెయ్యి వద్దన్న మాట మా అమ్మకు ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. మొదటి ముద్దలో నెయ్యి వేయకుండా ఆమె ఎవరికీ అన్నం పెట్టదు. చిన్నప్పుడు జ్వరం తగ్గి పథ్యం విడిచిన రోజు నాకు పెట్టిన అన్నంలో ఉన్నది నెయ్యే. మొదటిసారి విదేశానికి బయలుదేరినప్పుడు నా సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టిన సీసాలో ఉన్నదీ నెయ్యే. అటువైపు మా అమ్మాయికి అది ఒక ఆవు పాలు, ఒక దూడకు అందని పాలు. తనకు తెలియకుండా తినిపించడం తన మాటకు విలువ లేదనడమే. ఇద్దరూ నిజంగానే నొచ్చుకున్నారు.

సాయంత్రం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఈసారి ఏ మాటా మార్చనని చెప్పాను. అమ్మకు ముందుగా అర్థం కానిది అసలు ఆ మాటే. మనకు శాకాహారి అంటే పాలు, పెరుగు తినేవాళ్లే. ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అంటే గుడ్లు కూడా తినొచ్చు. పాలూ గుడ్లూ కూడా మానేసిన కొందరు తమకంటూ ఒక పేరు కావాలని 1944లో అక్కడే వీగన్ సొసైటీ పెట్టుకున్నారు. వెజిటేరియన్ అన్న ఇంగ్లిష్ మాటలోని మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ కలిపితే ఆ పేరు వచ్చింది. ఇదంతా నేను చెబుతుంటే అమ్మాయి మధ్యలో ఆపి, తనకొచ్చిన తెలుగులో తనే చెప్పింది: "దూడ పాలు దూడకి నానమ్మా. నాకు కాదు."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పింది. వరంగల్ దగ్గర తన పుట్టింట్లో ఒక బర్రె ఉండేదట. దూడ చచ్చిపోతే బర్రె చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, మానేసింది. అప్పుడు ఆ దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, బర్రె ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చింది. "అప్పుడు నాకు ఎనిమిదేండ్లు ఉంటయేమో. నాలుగు దినాలు పాలు ముట్టలే. మా అమ్మ నాలుగు దెబ్బలు ఏసి తాగించింది" అంది. మా అమ్మాయి లేచి వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది. ఒక మాట చెప్పాలి, అమ్మ ఆ రాత్రి కూడా నెయ్యి వేసుకునే తిన్నది, ఇప్పటికీ తింటుంది. నా కూతురు ఆమెను మారమని అడగలేదు.

ఇక పెరుగు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మా ఇంట్లో లేదు. పల్లీ పాలతో పెరుగు చేస్తారని నేను విన్నాను కానీ, తోడుకు మళ్లీ మామూలు పెరుగే కావాలి కదా అని ఆగిపోయాను. అమ్మ వెంటనే, "పచ్చిమిరపకాయ తొడిమెలు ఎయ్యి" అంది. ఊళ్లో తోడు దొరకనప్పుడు అలాగే చేసేవారట. తొడిమలకు అంటి ఉండే సూక్ష్మజీవులే పాలను తోడేస్తాయి.

ఒక గ్లాసు పల్లీలు రాత్రంతా నానబెట్టాం. పొద్దున పొట్టు రుద్ది తీసి, మూడు గ్లాసుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చని గుడ్డలో వడగట్టాం. ఈ పాలు కాచేటప్పుడు గరిటె ఆపకూడదు, ఆపితే అడుగంటుతాయి. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, ఏడెనిమిది తొడిమలు ముచ్చికలతో సహా మునిగేలా వేసి, గిన్నెకు మూత పెట్టి టవల్ చుట్టి ఉంచాం. మొదటిసారి వదులుగా తోడుకుంది, పచ్చి పల్లీ వాసన కూడా వచ్చింది. అమ్మ దాన్ని పారబోయనివ్వలేదు. అందులోంచి రెండు చెంచాలు తీసి మర్నాటి పల్లీ పాలకు తోడేసింది. రెండోది గట్టిగా, పుల్లగా కుదిరింది. అన్నంలో నేరుగా కలుపుకుంటే పల్లీ రుచి కాస్త తెలుస్తుంది. అల్లం, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి మజ్జిగ చేస్తే తేడా పెద్దగా తెలియదు.

ఆ ధైర్యంతోనే అమ్మ, ఆదివారం అందరినీ భోజనానికి పిలుద్దామంది. మా వాళ్లలో దావత్ అంటే యాట కూర ఉండాల్సిందే. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులు. కాకపోతే అది శ్రావణం కావడం కలిసొచ్చింది. మా చుట్టాల్లో చాలామంది ఆ నెల మాంసం ముట్టరు. అసలు చిక్కు కింది వాటాలో ఉండే జైనుల దగ్గర వచ్చింది. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్ లాంటి దుంపలు తినరు. చాతుర్మాసం కాబట్టి ఆకుకూరలూ తినరు, పొద్దుగూకాక అసలు భోజనమే చేయరు. ఒకరికి నెయ్యి కావాలి, ఆలుగడ్డ వద్దు. ఇంకొకరికి ఆలుగడ్డ సరే, నెయ్యి వద్దు.

వండటానికి కూర్చుని ఆలోచిస్తే, మన వంటలో సగం పాలు, నెయ్యి లేనిదే అని తెలిసింది. పులిహోరలో, గుత్తివంకాయలో, సర్వపిండిలో, సకినాల్లో పాలచుక్క ఉండదు. హైదరాబాద్ మిర్చీ కా సాలన్‌కు చిక్కదనం వచ్చేది పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి ముద్దతోనే. ఉల్లి, వెల్లుల్లి లేకుండానే సాలన్ చేసి, కరివేపాకు పోపు విడిగా పెట్టాం. బగారన్నం నూనెతోనే, పుదీనా వేసి. కింది వాటావాళ్లకు జీలకర్ర అన్నం. పప్పు ఒక్కటే, నెయ్యి మాత్రం పక్కన గిన్నెలో. వాన రోజులు కదా, నల్లకుంట మార్కెట్‌లో బోడకాకరకాయలు దొరికాయి. ధర చూసి అమ్మ వద్దంది, నేను విన్లేదు. ఆ వేపుడు మొదట ఖాళీ అయింది.

తీపి గురించి ఎక్కువ ఆలోచించాం. డబుల్ కా మీఠాలో నెయ్యి, పాలు రెండూ ఉంటాయి. పరమాన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరికి ఖుబానీ కా మీఠా చేశాం. బేగంబజార్‌లో ఎండు ఖుబానీలు తెచ్చి, రాత్రి నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో మెత్తగా ఉడికించాం. గింజలు పగలగొట్టి పప్పు తీసే పని పిల్లలిద్దరూ రోకలితో చేశారు. పైన వేసే మీగడ విడిగా పెట్టేస్తే అది ఎవరైనా తినొచ్చు.

ఇలాంటి భోజనం పెట్టాలనుకునేవాళ్లకు నేను నేర్చుకున్నది ఒక్కటే గట్టిగా చెప్తాను. గరిటెలు వేరు పెట్టండి, ఏ గిన్నెలో ఏముందో ముందే చెప్పండి. మేం నూనెతో చేసిన వాటిని ఒక బల్ల మీద, నెయ్యి, పెరుగు, మీగడ ఇంకో బల్ల మీద పెట్టాం. అమ్మే నిలబడి ఒక్కొక్కరికీ వివరించింది. నాకు తెలియకుండానే మా అమ్మాయి స్నేహితురాలికి "నో పాలు, నో నెయ్యి" అని చేతులు ఊపి మరీ చెప్పింది.

బయట కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, పాలు లేవని కాదు. వీగన్ ఆహారానికి మన దేశంలో విడిగా నిబంధనలు వచ్చింది 2022లో. ఆ వీగన్ గుర్తున్న సరుకు ఇంకా అన్ని దుకాణాల్లోనూ కనిపించదు. బిస్కెట్లలో, బేకరీ బ్రెడ్డులో పాలపొడి, హోటల్ నాన్‌లో పెరుగు, దోశ మీద వెన్న. మాకు ఉస్మానియా బిస్కెట్, ఇరానీ చాయ్ రెండూ కుదరలేదు. ఇంకో సంగతి, తండ్రిగా నాకున్న అసలు భయం. బి12 విటమిన్ మొక్కల నుంచి నమ్మకంగా దొరకదు. ఇంగ్లండ్‌లో సోయా పాలలో చాలావరకు కలిపే అమ్ముతారు, మన దేశంలో ప్రతి డబ్బాలో ఉండదు. అందుకే మాత్రలు వెంట తెచ్చుకున్నాం, రక్తపరీక్ష కూడా చేయిస్తుంటాం. ఈ ప్రశ్న అమ్మ కూడా అడిగింది, మాత్ర చూపించాకే ఆమెకు నిద్ర పట్టింది.

తిరుగు ప్రయాణం రోజు అమ్మ పట్టు లంగా కాకుండా పోచంపల్లి నూలు చున్నీ తీసి మనవరాలి చేతిలో పెట్టింది. పట్టు కోసం పురుగుల్ని చంపుతారు కాబట్టి వీగన్లు అది కట్టరు. ఆ సంగతి మేమెవరం ఆమెకు చెప్పలేదు, తనే అడిగి తెలుసుకుందట.

ఇప్పుడు వాళ్లిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే నేను మధ్యలోకి వెళ్లడం లేదు. నిన్న రాత్రి వంటింట్లోంచి వినిపించింది. ఇక్కడి చలికి పల్లీ పాలు తోడుకోవడం లేదని అమ్మాయి చెబుతోంది, లోపలి లైటు ఒక్కటే వేసి గిన్నెను ఓవెన్‌లో పెట్టిందట.

"బల్బు వేడికి తోడుకుంటదా బిడ్డా?" అంటోంది అమ్మ. "తొడిమెలు ఇంకో నాలుగు ఎయ్యి. పొద్దుగాల లేవంగనే నాకు ఫోన్ చెయ్యి."