పర్సనాలిటీ, స్మార్ట్, హోమ్లీ: తెలుసనుకున్న మాటలతోనే తంటా

మనుషుల రూపం, స్వభావం వర్ణించే ఇంగ్లీషు మాటల పాఠం చూడ్డానికి నల్లేరు మీద బండి నడకలా ఉంటుంది. టాల్, షార్ట్, ఫెయిర్, స్మార్ట్, సాఫ్ట్, సీరియస్... వీటిలో సగం మాటలు ఆరో తరగతి పిల్లలు రోజూ తెలుగులోనే వాడేస్తుంటారు. చిక్కంతా అక్కడే. అవి తెలుగులోకి వచ్చి వేరే అర్థాల్లో స్థిరపడిపోయాయి. కొత్త మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, తెలుసనుకున్న మాటను సరిదిద్దడానికి మాత్రం పీరియడ్ సగం పోతుంది. కాబట్టి పాఠం వీటితోనే మొదలుపెట్టాలి.

'మంచి పర్సనాలిటీ' అంటే మనకు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఇంగ్లీషులో అది స్వభావం, వ్యక్తిత్వం. మనం అనుకునేదానికి అక్కడ 'వెల్-బిల్ట్' అనాలి. 'పిల్ల హెల్తీగా ఉంది' అంటే మనకు బొద్దుగా ఉందని, వాళ్లకు జబ్బేమీ లేదని. 'ఆయనకు సీరియస్‌గా ఉంది' అనగానే మనం ఆసుపత్రికి పరిగెత్తుతాం. 'హి ఈజ్ సీరియస్' అంటే మాత్రం నవ్వులాటలు లేని మనిషని, లేదా ఈ మాట తమాషాకు అనట్లేదని. 'మూడీ' మన వాడుకలో దిగులుగా ఉండటం, ఇంగ్లీషులో ఘడియకో తీరుగా మారడం. 'మనిషి చాలా సాఫ్ట్' అన్నచోట 'జెంటిల్' గానీ 'సాఫ్ట్-స్పోకెన్' గానీ రావాలి. 'స్మార్ట్' అమెరికాలో తెలివికి, బ్రిటన్‌లో ఎక్కువగా నీటుగా తయారవడానికి వాడతారు. ఇక పెళ్లి ప్రకటనల్లో మెచ్చుకోలుగా వేసే 'హోమ్లీ' అమెరికన్ చెవికి 'అందం లేని పిల్ల' అని వినిపిస్తుంది. అక్కడి సంబంధాల కోసం బయోడేటాలు రాసేవాళ్లు ఈ ఒక్క మాట తీసేసినా చాలు.

బోర్డు ఎడమవైపు పిల్లలు నిజంగా అనే తెలుగు వాక్యం రాయండి, కుడివైపు దానికి కావాల్సిన ఇంగ్లీషు మాట. ఇలాంటివి ఒక రోజుకు ఐదారుకు మించొద్దు.

తర్వాత ప్రశ్నలు. ఆమె ఎలా ఉంది, ఎలా ఉంటుంది, ఎలాంటి మనిషి అని తెలుగులో మూడు వేర్వేరుగా అడుగుతాం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడింటికీ 'హౌ ఈజ్ షి' అనేస్తారు. అసలు మూడూ వేరని పిల్లలకు ముందే తెలుసు కదా, ఆ తెలివిడినే వాడుకోవాలి. ఎలా ఉంది అంటే 'హౌ ఈజ్ షి', ఎలా ఉంటుంది అంటే 'వాట్ డజ్ షి లుక్ లైక్', ఎలాంటి మనిషి అంటే 'వాట్ ఈజ్ షి లైక్'. ఈ చివరిదాన్ని 'వాట్ డజ్ షి లైక్'తో కలిపేసుకుని 'మామిడికాయ' అని జవాబిచ్చేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 'షి ఈజ్ లైక్ కైండ్' అనే తప్పూ ఇక్కడి నుంచే పుడుతుంది. లైక్ ప్రశ్నతోనే ఆగిపోతుందని, జవాబులోకి రాదని విడిగా చెప్పాలి. అభ్యాసం తిరగేసి చేయిస్తే బాగా పడుతుంది: మీరు 'షి ఈజ్ ఫైన్', 'షి ఈజ్ టాల్', 'షి ఈజ్ స్టబర్న్' అని జవాబులే ఇవ్వండి, వాళ్లు ప్రశ్న చెప్పాలి.

రూపం చెప్పేటప్పుడు విశేషణం కంటే ముందు క్రియ దగ్గర జారతారు. తెలుగులో పొడుగ్గా ఉంది, పొడుగు జుట్టు ఉంది, కళ్లజోడు ఉంది. అన్నిటికీ ఒకే 'ఉంది'. ఇంగ్లీషులో ఇది మూడు గదులు. 'ఈజ్' గదిలో టాల్, థిన్, బాల్డ్, 'ఇన్ హర్ ట్వెంటీస్'. 'హ్యాజ్' గదిలో హెయిర్, ఐస్, బియర్డ్, డింపుల్స్. 'వేర్స్' గదిలో గ్లాసెస్, బొట్టు, ముక్కుపుడక. పిల్లలకు మాట ఇచ్చినప్పుడల్లా అది ఏ గదిలోదో కూడా ఇవ్వాలి. 'షి ఈజ్ హ్యావింగ్ లాంగ్ హెయిర్స్' అన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఒకటి హ్యావింగ్, హ్యాజ్ అంటే సరిపోతుంది. రెండోది హెయిర్స్. మనకు వెంట్రుకలు బహువచనం గనుక ఎస్ తగిలిస్తారు. తల మీద ఉన్నదంతా కలిపి హెయిర్, సాంబారులో తేలేదొక్కటే 'ఎ హెయిర్'.

జుట్టుకు రెండు మూడు విశేషణాలు వరుసగా వస్తే ముందు పొడవు, తర్వాత తీరు, చివర రంగు: లాంగ్ కర్లీ బ్లాక్ హెయిర్. రింగుల జుట్టును 'రింగ్ హెయిర్' అంటే ఎవరికీ అర్థం కాదు. కళ్లు 'బ్లాక్ ఐస్' అని రాస్తారు గానీ మనలో చాలామందివి ముదురు గోధుమరంగు, అంటే డార్క్ బ్రౌన్. పైగా 'హి హ్యాజ్ ఎ బ్లాక్ ఐ' అంటే ఎవరో గుద్దితే కన్ను కమిలిందని. బట్టతల బాల్డ్, ధైర్యం బోల్డ్, నోట్లో మాత్రం రెండూ ఒకటే అయిపోతాయి. ఆట బంతి 'బాల్' అనిపించి దానికి 'డ్' తగిలించమంటే మొదటిది వస్తుంది. రెండో మాటలో 'ఓ' శబ్దం చివర పెదవులు 'ఉ' వైపు ముడుచుకోవాలి.

ప్రిపొజిషన్లకు మన దగ్గర సిద్ధంగా ఉన్న సరుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసే పుట్టుమచ్చలు. 'ఎ మోల్ ఆన్ ద లెఫ్ట్ చీక్' లాంటి వాక్యం ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కాగితం మీద ఉంటుంది. మనం మచ్చ అని సరిపెట్టేదాన్ని ఇంగ్లీషు విడదీస్తుంది: పుట్టుమచ్చ మోల్, గాయం మానినది స్కార్, పుట్టుకతో వచ్చిన వెడల్పాటి మరక బర్త్‌మార్క్. ప్రతి ఒక్కరూ ముఖం మీదో చేతి మీదో ఉన్న తమ గుర్తులు రెండు చీటీ మీద రాయాలి, 'ఆన్' ఒకసారి, 'అబవ్' లేదా 'బిలో' ఒకసారి వచ్చేలా. చీటీలు కలిపి ఒక్కోటి చదువుతుంటే మిగతావాళ్లు ఎవరిదో పట్టుకోవాలి. నలభై మంది ఉన్న తరగతిలో కూడా పావుగంటలో అయిపోతుంది.

ఇక్కడో జాగ్రత్త. పక్కవాణ్ని వర్ణించమని మాత్రం చెప్పొద్దు. మొదటి నిమిషంలోనే 'ఫ్యాట్', 'బ్లాక్' అని వస్తాయి, ఒక పిల్ల తల దించుకుంటుంది, ఆ పాఠం ఆమెకు జన్మంతా గుర్తుంటుంది. తమను తాము గానీ, బోర్డు మీద గీసిన బొమ్మను గానీ, అందరికీ తెలిసిన ఆటగాళ్లను గానీ వర్ణించమనండి. లావు సన్నాల మాటలను, ఏది మొరటో ఏది మర్యాదో ఆ తేడాతో సహా చెప్పాలి: స్కిన్నీ అంటే బక్క, థిన్ అంటే సన్నం, స్లిమ్ అంటే నాజూకు. అటువైపు ఫ్యాట్ మొరటు మాట, చబ్బీ ముద్దుగా చిన్నపిల్లలకు. ఒంటిరంగు దగ్గర 'వీటిష్' మన దేశం దాటితే పెద్దగా చెల్లదు. 'బ్లాక్' అమెరికాలో ఒక జాతి సమూహాన్ని సూచిస్తుంది గనుక చామనఛాయ మనిషికి అది పొసగదు, 'డార్క్-స్కిన్డ్' అనొచ్చు. ఫెయిర్ అంటేనే అందం అన్న లెక్క ఇంకా పోలేదు గానీ, ఆ పేరుతో దశాబ్దాలు అమ్ముడైన క్రీమే 2020లో 'గ్లో అండ్ లవ్లీ'గా పేరు మార్చుకుంది. ఆ సంగతి పెద్ద తరగతుల్లో చర్చకు పెడితే బాగుంటుంది.

స్వభావం మాటలకు బొమ్మ గీయలేం, తెలుగు అర్థం ఇస్తే సగమే అందుతుంది. ముందు పని చూపించి తర్వాత పేరు పెట్టాలి. 'వీడు డబ్బాలో ఉన్న రెండు గారెల్లో ఒకటి తీసి పక్కవాడికిస్తాడు, పెన్ను అరువిచ్చి అడగడం మర్చిపోతాడు' అని చెప్పాక జెనరస్ అనే మాట బోర్డు మీదికి రావాలి. తెలుగులో ఒక్కటిగా ఉన్నది అక్కడ రెండైపోయే చోట్ల ఈ పద్ధతి మరీ అవసరం. అమాయకుడు ఏ పాపమూ ఎరగకపోతే ఇన్నోసెంట్, ఎవరేం చెప్పినా నమ్మేస్తే నైవ్. మొండివాడు తప్పని తెలిసినా వదలకపోతే స్టబర్న్, కష్టమైనా వదలకపోతే డిటర్మిన్డ్.

జెనరస్ చెప్పిన రోజే స్టింజీ (పిసినారి) చెప్పాలన్న తొందర అందరికీ ఉంటుంది, పాఠ్యపుస్తకాలు కూడా వ్యతిరేకపదాలు పక్కపక్కనే అచ్చేస్తాయి. 1993లో థామస్ టింకమ్, 1997లో రాబ్ వేరింగ్ అనే భాషాబోధన పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో అర్థం దగ్గరగా ఉన్న కొత్త మాటల్ని ఒకేసారి నేర్చుకున్నప్పుడు, సంబంధం లేని మాటలకంటే ఎక్కువ కష్టపడాల్సి వచ్చిందని తేలింది. తరగతిలోనూ ఇదే కనిపిస్తుంది: రెండు మాటలూ గుర్తుంటాయి, ఏది ఏదో గుర్తుండదు. ఒకటి కుదురుకున్నాక మూడు నాలుగు రోజులాగి రెండోది తీయండి. సెన్సిబుల్ (వివేకం ఉన్న), సెన్సిటివ్ (ఇట్టే నొచ్చుకునే) జంటకైతే వారం ఎడం పెట్టినా తప్పులేదు. పీరియడ్‌కు ఎనిమిది మాటలు మించితే మర్నాటికి నాలుగే మిగులుతాయి.

పెద్దవాళ్లకు, ముఖ్యంగా విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లకు, ఇబ్బంది వేరే ఉంది. స్పీకింగ్ రెండో భాగంలో ఒక మనిషి గురించి చెప్పమంటే ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. మనవాళ్లు కైండ్, హానెస్ట్, హార్డ్‌వర్కింగ్, హెల్ప్‌ఫుల్ అని గుక్కతిప్పుకోకుండా చెప్పేసి ఇరవై సెకన్లలో ఖాళీ అయిపోతారు. ఒక్కో మాటకు మూడు మెట్లు అలవాటు చేయించండి: మాట, దానికి రుజువుగా ఒక పని, ఆ తర్వాత ఒక మినహాయింపు. తాతగారు పేషెంట్, మనవడు అదే లెక్క పదిసార్లడిగినా విసుక్కోరు, కానీ కాఫీ ఆలస్యమైతే మాత్రం ఎ బిట్ షార్ట్-టెంపర్డ్. మినహాయింపులో 'ఎ బిట్', 'నాట్ వెరీ', 'టెండ్స్ టు బి' వాడితే లోపం చెప్పినా మొరటుగా ఉండదు. 'లేజీ' అనేకంటే 'నాట్ వెరీ యాక్టివ్' అనడం మనవాళ్లకూ మర్యాదగానే తోస్తుంది.

పరీక్ష పెట్టేటప్పుడు జతపరచండి అన్న ప్రశ్న మానేయండి. అది బట్టీ పట్టినవాడికీ వస్తుంది. ఒక మనిషి చేసిన మూడు పనులు ఇచ్చి, మాట వాళ్లనే ఎంచుకోమని, ఎందుకు ఎంచుకున్నారో 'బికాజ్'తో ఒక వాక్యం రాయమనండి. మాటకు ఒక మార్కు, కారణానికి రెండు.