ఒంటిపూట బడులు మొదలైన వారం

మార్చి 15న ఒంటిపూట బడులు మొదలవడంతో మా ఇంట్లో తెల్లవారే వేళే మారిపోయింది. పిల్లలిద్దరూ ఎనిమిదింటికల్లా బడిలో ఉండాలి కాబట్టి, చలికాలమంతా ఆరున్నరకు తీరుబాటుగా మొదలుపెట్టిన నడకను ఇప్పుడు చీకటి పూర్తిగా విడవకముందే, అయిదున్నరకే మొదలుపెడుతున్నాము. మేముండేది నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్‌లో. ఇల్లు దాటి కొద్ది దూరం వెళితే ఉదయసముద్రం చెరువు కట్ట వస్తుంది. నేను, మా అత్తమ్మ, పన్నెండేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల కూతురు రోజూ వెళతాము. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉండే మా ఆయన ఆదివారాలు మాతో కలుస్తారు.

ఎండలు వచ్చాయనగానే నడక మానేసే ఇళ్లు మా వాడలో చాలా ఉన్నాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊరిలో ఆ భయం సహజమే. అయినా మానడం కంటే వేళ మార్చుకుని, వేగం తగ్గించుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. నిరుడు మార్చి రెండో వారంలో ఒకనాటి సాయంత్రం అయిదింటికి, సంక్రాంతి రోజుల్లో నడిచినంత వేగంతోనే గంటసేపు నడిచాను. పగలంతా కాగిన కట్ట రాళ్లు అప్పటికీ సెగలు కక్కుతూనే ఉన్నాయి. తిరిగి వస్తుండగా పిక్కలు పట్టేసి, తల తిరిగి, తూము దగ్గర కూలబడ్డాను. నా కూతురు భయపడి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుందని, ఆ రోజుల్లో రక్తంలో నీటి వంతు పెరిగి, చెమట త్వరగా పట్టడం మొదలై, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుందని ఆ తరువాతే చదివి తెలుసుకున్నాను. అందుకే ఈసారి మొదటి వారమంతా ఇరవై నిమిషాలతో సరిపెట్టి, ఆ పైన కొంచెం కొంచెంగా పెంచుతున్నాము. రాత్రంతా వేడిని వదిలిన నేల తెల్లవారుజామునే అన్నిటికంటే చల్లగా ఉంటుంది. మార్చి నడుమ 6:25 ప్రాంతంలో పొడిచే పొద్దు ఏప్రిల్ చివరికి ఆరు కాకముందే పొడుస్తుంది కాబట్టి, మేమూ దానితో పాటే ముందుకు జరుగుతాము.

మా అత్తమ్మ పుట్టింది ఇదే జిల్లాలోని మర్రిగూడ వైపు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. రాతి పొరల్లోంచి నీటిలోకి దిగే ఆ ఫ్లోరైడ్ ఆ వైపు బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పెళ్లయ్యేదాకా ఆ నీళ్లే తాగినందువల్ల ఆమెకు నడుము పూర్తిగా వంగదు, పొద్దున లేచేసరికి మోకాళ్లు బిగుసుకుని ఉంటాయి. మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో పట్టె పట్టుకుని, ఒక్కో కాలును మెల్లగా చాపి ముడుస్తూ పదిసార్లు లెక్కపెట్టిన తరువాతనే కింద అడుగు పెడుతుంది. ముసలివాళ్లకు దాహం ఆలస్యంగా తెలుస్తుంది కనుక, అడిగినా అడగకపోయినా బయలుదేరే ముందు రంజనులోని నీళ్లు ఒక చెంబెడు ఆమె చేతికిస్తాను. కట్ట ఎక్కగానే ఆమె నీళ్ల వైపు తిరిగి చేతులు జోడిస్తుంది. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా, ఒకప్పుడు పానగల్‌ను ఏలిన కందూరు చోడుల కాలం నాటి ఈ చెరువుకు చేరి, నల్లగొండ దాహం తీరుస్తున్నాయి. “ఈ నీళ్లు మాకు అప్పుడే వస్తే నా నడుము ఇట్ల అయితుండెనా బిడ్డా” అని ఆమె ఎన్నిసార్లు అన్నా నాకు బదులు తోచదు.

కొడుకు ముందు పరుగెత్తి, మళ్లీ మా దాకా వచ్చి, మళ్లీ పరుగెత్తుతాడు. కూతురు ఈ మధ్యే సైకిల్ నేర్చుకుంటున్నది. వెనుక సీటు పట్టుకుని నేను వంగి పరుగెత్తుతుంటే, నానమ్మ కట్ట పక్కన నిలబడి “చూపు ముందటికి పెట్టు, చక్రం దిక్కు చూడకు” అని కేకేస్తుంది. ఏనాడూ సైకిల్ ఎక్కని మనిషి చెప్పిన ఆ ఒక్క మాటతోనే పిల్లకు తూకం నిలిచింది.

తైదంబలి, అంటే రాగి అంబలి, ముందురోజు రాత్రే సిద్ధమవుతుంది. తైదపిండిని ఎసట్లో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికించి, మట్టి కుండలో ఉంచుతాను. నడిచి వచ్చాక అందులో పలచని చల్ల పోసి, ఉప్పు కలిపి, ఉల్లిగడ్డ ముక్కలు వేస్తే, చెమటతో పోయిన నీరూ ఉప్పూ రెండూ తిరిగి ఒంటికి చేరుతాయి. పిల్లలు అది తాగి బడికి పోతే పదిన్నర దాకా ఆకలనరు. మధ్యాహ్నం వచ్చాక మాత్రం నాలుగున్నర దాటేవరకు గడప దాటనివ్వను. ఆ విషయంలో వాళ్ల అలకకు నేను లొంగను.

నిన్న ఆదివారం మా ఆయన కూడా వచ్చారు. వేప పూత వాసన కట్ట మీది దాకా వస్తున్నది. ఇన్ని రోజులూ సగం దూరంలోనే ఆగిపోతున్న అత్తమ్మ నిన్న ఎవరికీ చెప్పకుండా, మా ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లమెల్లగా తూము దాకా నడిచింది. నేను నిరుడు కూలబడిన చోటే ఆగి, అక్కడి రాయిని అరచేత్తో తడిమి చూసింది.

“ఇంకా సల్లగనే ఉన్నది, కూసో బిడ్డా” అని నాకు చోటిచ్చింది.