కాలి కింద వామనుడు

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. పొద్దున బొమ్మలు కొనడానికి వచ్చినావిడ మాట చెవిలోంచి పోవట్లేదు. "అయ్యో, దేవుణ్ణి కాలితో తొక్కిపట్టి చెక్కుతున్నావేంటమ్మా?"

నా ఎడం చేతికి పట్టు లేదు. మేం కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్క దూదిలా తేలికే కానీ, ఉలి దిగేటప్పుడు కదలకుండా ఎవరో ఒకరు పట్టాలి. నాకు ఆ ఎవరో నా పాదాలే. అందులోనూ ఇవాళ చెక్కుతున్నది వామనుణ్ణి, బలి నెత్తిన కాలు పెట్టినవాణ్ణి!

చిన్నప్పుడు ఇదే మాట నాన్నని నేనూ అడిగాను. మా కొండపల్లి అరుగు మీద కూర్చుని మక్కు కలుపుతున్నారు. చింతగింజల పిండి, రంపప్పొట్టు, వేళ్ళకి బంకబంకగా అంటుకునేది. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి దాంతోనే అతికిస్తాం కదా. తలెత్తకుండానే "వాడికింకా కళ్ళు పెట్టలేదుగా" అన్నారు. సున్నం పూసి, రంగులేసి, చివర్లో మేకవెంట్రుకల కుంచెతో కళ్ళు దిద్దేవారు. ఆ తర్వాత మాత్రం బొమ్మ ఒళ్ళో గుడ్డ మీదే ఉండాలి. నా కాలు దరిదాపులకొస్తే ఊరుకునేవారు కాదు.

ఇదంతా ఆవిడకి చెబుదామనుకునేలోపే వాళ్ళాయన అందుకున్నాడు. "ఊరుకో, పాపం ఆ పిల్లకి చెయ్యి లేదు." చెయ్యి ఉంది బాబూ, పట్టే లేదు. నలభై రెండేళ్ళొచ్చాయి, పిల్లనీ కాదు. తర్వాత తాడిచెట్టు కల్లుగీత బొమ్మ తీసుకుని, చెప్పిన రేటు చెప్పినట్టు చేతిలో పెట్టాడు. అదే అన్నయ్య దగ్గర ఎడ్లబండికి యాభై తగ్గించేదాకా కదల్లేదు!

రాయడం మొదలుపెట్టినప్పుడు కోపం ఆవిడ మీదే. ఇప్పుడు చూస్తే ఆవిడ నయమనిపిస్తోంది. పని చేసేవాళ్ళని తిట్టినట్టే తిట్టింది.

అయినా వాళ్ళు వెళ్ళాక కాళ్ళు ముడుచుకుని, అన్నయ్య తెచ్చిన ఇనప బిగింపులో పెట్టి చూశాను. వామనుడి చెయ్యి పుటుక్కున విరిగింది. ఏ చెయ్యో చెప్పను, నవ్వుతారు. పొణికి దొరకడమే గగనమైన రోజుల్లో.

అంబారీ ఏనుగు మక్కు పగుళ్ళు లేకుండా ఎండింది, అదొకటి.

అన్నట్టు, ఆయన కొన్న తాడిచెట్టుకి ఒక ఆకు వెనక పచ్చరంగు పడలేదు. బేరమాడి ఉంటే నేనే చూపించి ఓ ఇరవై తగ్గించేదాన్ని.